50 ఆకుల కట్టకున్న లెక్క పాటకేది?

జానపదం అందరిదీ, అది ఎవరి సొత్తూ కాదు. పల్లె పాట సినిమాకెక్కి గొడవైన ప్రతిసారీ పండితులు, నిర్మాతలు, చివరికి అధికారులు కూడా ఈ ఒక్క మాట అనేసి చేతులు దులుపుకుంటారు. 2021లో సారంగదరియా అనే పల్లె పాట సినిమాకెక్కినప్పటి వివాదంలోనూ ఇదే విన్నాం. వినడానికి ఎంతో ఉదారంగా ఉండే ఈ మాట, అడవి అంచున పాడుకుని బతికే మనిషి నోటి దగ్గరి కూడు లాగేస్తోంది. పాట అందరిదే కావచ్చు. పాడిన గొంతు మాత్రం పాడిన మనిషిదే. ఆ గొంతుకు ఈ దేశ చట్టం 50 ఏళ్ల హక్కు ఇచ్చింది.

కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ చెప్పేది ఇదే. పాట ఎవరు కట్టారో తెలియకపోయినా, తాతల నాటిదైనా, దాన్ని పాడిన, వాయించిన కళాకారుడికి ఆ ప్రదర్శన మీద ప్రత్యేక హక్కు ఉంటుంది. 1994లో ఆ గడువు 25 ఏళ్లు. 1999 సవరణతో 50 ఏళ్లయింది. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకేసి, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే కళాకారుడికి రాయల్టీ ఇవ్వాల్సిందేనంది. కళాకారుడంటే ఎవరో చెబుతూ ఈ చట్టం గాయకుడితో పాటు గారడీవాడిని, పాములాడించేవాడిని కూడా పేరు పెట్టి చేర్చింది. అలాంటి చట్టం డోలు కొట్టే కోయ కళాకారుడిని వదిలేసిందని ఎవరంటారు?

సకిని రామచంద్రయ్యనే తీసుకుందాం. ఆయనది మణుగూరు మండలం కూనవరం. కోయల వంశ చరిత్రలను, సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల గాథలను పడిగె అనే బొమ్మల గుడ్డ ఎదుట డోలు వాయిస్తూ కోయలోనూ తెలుగులోనూ పాడగలిగిన అరుదైన గాయకుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 జూన్ 23న ఆయన కన్నుమూశారు. బతికున్నన్నాళ్లూ సన్మానాల గురించి, సాయం గురించి మాట్లాడాం, పోయాక సంతాపాలు చెప్పాం. 50 ఏళ్ల లెక్క మాత్రం ఎవరూ తీయలేదు. ఆయన 2022లో పాడిన పాట మీద హక్కు ఆ మరుసటి జనవరి నుంచి మొదలుపెట్టి 50 ఏళ్లు, అంటే 2072 డిసెంబరు దాకా నిలిచి ఉంటుంది. ఆ పాటలు ఎక్కడెక్కడ రికార్డయ్యాయో, ఎవరి దగ్గరున్నాయో, వాటి మీద పైసా వస్తే ఎవరికి చేరుతోందో చెప్పే రిజిస్టరు ఒక్కటైనా భద్రాద్రి జిల్లాలో ఉందా?

2022లోనే పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య సినిమా పాటతో రాష్ట్రమంతా తెలిశారు. 2024లో ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు చూసి అందరం అయ్యో అన్నాం. సాయం చేయమని అడిగినవాళ్లున్నారు. రాయల్టీ మాటెత్తినవాళ్లు ఎందరు?

ఇది మనకే ఎదురైన చిక్కు కాదు. అమెరికా దక్షిణాదిన పత్తి చేలల్లో మగ్గిన నల్లజాతి కూలీల బ్లూస్ పాటలకూ ఇదే గతి పట్టింది. పాట వాళ్లది, డబ్బు పట్నంవాళ్లది. 1960లో కాలిఫోర్నియాలో బడిపంతులుగా ఉన్న క్రిస్ స్ట్రాక్‌విట్జ్ ఆర్హూలీ అనే చిన్న రికార్డు కంపెనీ పెట్టాడు. మొదటి రికార్డు టెక్సాస్‌లో పాలుకు సేద్యం చేసుకునే మాన్స్ లిప్‌స్కోంబ్‌ది. తర్వాత ఫ్రెడ్ మెక్‌డోవెల్ అనే రైతు గాయకుడిని రికార్డు చేశాడు. మెక్‌డోవెల్ పాడుతూ వచ్చిన ఒక పాటను 1971లో రోలింగ్ స్టోన్స్ బృందం తన ఆల్బమ్‌లో పెట్టుకుంది. అదీ చర్చిలో తరతరాలుగా పాడుకున్నదే, అందరిదే. అయినా స్ట్రాక్‌విట్జ్ ఊరుకోలేదు. పట్టుబట్టి రాయల్టీ రాబట్టి, మెక్‌డోవెల్ 1972లో చనిపోకముందే ఆయన చేతిలో పెట్టాడు. ఆర్హూలీ రికార్డులన్నీ 2016 నుంచి స్మిత్‌సోనియన్ సంస్థ భద్రంలో ఉన్నాయి. ఒక బడిపంతులు చేయగలిగిన పనిని గిరిజనుల అభివృద్ధి కోసమే పెట్టిన ఐటీడీఏ చేయలేదా?

చేతకాదంటే నేను నమ్మను. మన భద్రాద్రి అడవిలో తునికాకు సేకరణ చూడండి. ఎండాకాలంలో తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, 50 ఆకులు ఒక కట్టగా కట్టి కల్లానికి తెస్తారు. కల్లేదారు కట్టలు లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాడు. కట్టకింతని రేటు ఉంటుంది, తర్వాత బోనస్ ఉంటుంది. రేటు చాలకపోతే సంఘాలు ధర్నా చేస్తాయి. తేనె, ఇప్పపువ్వు, చింతపండు కొనడానికి గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఉంది. అడవిలో దొరికే ప్రతి సరుకుకూ తూకమో కట్టో, ఏదో ఒక లెక్క పుట్టింది. 50 ఆకుల కట్టకు పుస్తకం పెట్టినవాళ్లకు 50 ఏళ్ల హక్కుకు పుస్తకం పెట్టాలని తోచలేదు. పాటను సరుకుగా చూడొద్దనే పెద్దమనుషులు ఒక సంగతి గమనించాలి. పాట ఇప్పటికే సరుకైంది, యూట్యూబ్‌లో జానపదానికి కోట్ల వీక్షణలున్నాయి. ఆ వ్యాపారంలో పాడిన మనిషి పేరు లేదు, వాటా లేదు.

వేల్పుల పాటలు పవిత్రమైనవి, వాటిని అమ్మకానికి పెట్టకూడదన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. అందుకే హక్కు కావాలి. నా పాట రికార్డు చేయవద్దని చెప్పే అధికారం కూడా 38-ఎ సెక్షన్ కిందే వస్తుంది. పరిశోధకులకు అడ్డంకి అవుతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. చదువు కోసం, పరిశోధన కోసం చేసే రికార్డింగును 39వ సెక్షన్ మినహాయించింది. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి ఈ వాద్యాలను, పాటలను వెలుగులోకి తేవడం వల్లనే డోలు వాయిస్తూ గాథలు పాడే డోలీ కోయల గురించి బయటి ప్రపంచానికి తెలిసింది. అలాంటి కృషికి చట్టం అడ్డురాదు. చదువు పేరుతో తీసిన రికార్డు మీద ప్రకటనల డబ్బు వచ్చినప్పుడే అడ్డొస్తుంది, రావాలి కూడా.

చేయాల్సింది కొండను తవ్వడమేమీ కాదు. భద్రాచలంలో కళాకారులే సభ్యులుగా ఒక స్వతంత్ర రికార్డు సంస్థ పెట్టాలి, మొదటి పెట్టుబడి ఐటీడీఏ ఇవ్వాలి. కోయలో, తెలుగులో ఒక పేజీ ఒప్పంద పత్రం ఉండాలి, దాన్ని సంతకానికి ముందు చదివి వినిపించాలి. ప్రతి రికార్డు మీద గాయకుడి పేరు, ఊరు, పాడిన తేదీ రాయాలి. ఆ తేదీని బట్టే కదా 50 ఏళ్లు లెక్కకొచ్చేది. 2014లో తెలంగాణ వైపున్న ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాయి. చింతూరు, వీఆర్ పురం కోయలు వేరే రాష్ట్రం వాళ్లయ్యారు, వాళ్ల పాట కాలేదు. కాబట్టి ఆ రెండు వైపుల గాయకులకూ ఇందులో చోటుండాలి. పోలవరం ముంపులో ఊళ్లు చెదిరిపోతున్న కుక్కునూరు, వేలేరుపాడు నుంచే ఈ పని మొదలుకావాలి. ఊరు పోయాక ఆ ఊరి ఇలవేల్పు కథ ఎక్కడ వెతుకుతారు?

2011 జనగణనలో కోయ తమ మాతృభాష అన్నవారు 4 లక్షలకు పైనే. ఇంతమంది చరిత్ర పుస్తకాల్లో కన్నా గొంతుల్లోనే ఎక్కువగా ఉంది. మ్యూజియంలో డోలు వేలాడదీసి, గాయకులను ఉత్సవానికి బస్సెక్కించి తెచ్చి, శాలువా కప్పి పంపేస్తే సంస్కృతిని కాపాడినట్టు అనుకునే అధికారులను ఒక్కటే అడుగుతున్నాను. మీరు వేదిక మీద పాడించి, వీడియో తీయించి, ప్రచారానికి వాడుకున్న ప్రతి పాటకూ చట్టం 50 ఏళ్ల హక్కు రాసిపెట్టింది. ఆ హక్కు సంగతి ఏ ఒక్క గాయకుడికైనా చెప్పారా? చెప్పకుండా కప్పిన శాలువా సన్మానం కాదు, దోపిడీ మీద కప్పిన గుడ్డ. వచ్చే ఐటీడీఏ పాలకమండలి సమావేశంలో తునికాకు రేటు పక్కనే పాట రేటు కూడా చర్చకు రావాలి. రామచంద్రయ్య పోయారు. ఆయన 2022లో పాడిన పాట మీద హక్కు 2072 దాకా బతికే ఉంటుంది. దాన్ని ఆయన ఇంటికి చేర్చే పుస్తకం ఈ ఏడాదే తెరవాలి.