శీతకాలపు ఉదకమండల యాత్ర: పొదుపు వేరు, లోభం వేరు

కళాశాలలో విహారయాత్ర మాట వచ్చిన ప్రతిసారీ మొదట పుట్టే ప్రశ్న "తలకు ఎంత?" అన్నదే. ఆ ప్రశ్న న్యాయమైనది. కుట్టుపనితో ఇల్లు గడిపే తల్లి, అద్దె ఆటో తోలే తండ్రి గల పిల్లలు మన తరగతులలో ఎందరో ఉన్నారు. డబ్బు లేదని చెప్పలేక "ఇంట్లో పెళ్లి ఉన్నది సార్" అని తప్పుకొనే విద్యార్థిని ఎరుగని అధ్యాపకుడు ఉండడు. యాత్ర చౌకగా సాగవలెననుటలో మాకు భేదాభిప్రాయం లేదు. ఆ చౌకదనాన్ని ఎక్కడి నుండి రాబట్టుతున్నామన్న విషయంలోనే మా పేచీ.

కర్నూలు నుండి ఉదకమండలానికి, అనగా మనమంతా ఊటీ అని పిలిచే ఊరికి, రోడ్డు మార్గాన పోయే యాత్రనే ఉదాహరణగా తీసికొందాము. అనంతపురం, బెంగుళూరు, మైసూరు, బండీపురం అడవి, గూడలూరు ఘాటు మీదుగా దూరం సుమారు 660 కిలోమీటర్లు. అక్కడ గిరాకీ కాలం ఏప్రిల్, మే నెలలు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు, కొండచరియల భయం. సంవత్సరాంతపు సెలవులలో, సంక్రాంతి దినాలలో జనసమ్మర్దం. ఇవన్నీ తీసివేయగా మిగిలేది జనవరి చివరి వారం. అందులోనూ పని దినాలైతే బస అద్దెలు దిగివస్తాయి, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. అయితే రంజాను మాసం ఏటేటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తున్నది. 2028లో అది జనవరి చివరనే ప్రారంభం కావచ్చును. ఆ సంవత్సరం తేదీలు మార్చుకొనవలసిందే.

చలి సంగతి కూడా చెప్పవలెను. ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా వేడి తగ్గుతుందని భూగోళం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. జనవరి ఉదయాన గడ్డిపై తెల్లగా పేరుకొన్న మంచును చూసినప్పుడు గాని అది ఒంటికి తెలియదు. స్వెట్టరు కొనే స్తోమత లేనివారి కొరకు ఇరుగుపొరుగు ఇళ్ల నుండి అరువు తేవడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక అసలు విషయం. మన వైపు యాత్రలు వేసే పద్ధతి ఒకటున్నది. సాయంత్రం బస్సు ఎక్కడం, రాత్రంతా ప్రయాణం, తెల్లవారి ఊరు చూడడం, మళ్లీ రాత్రి బయలుదేరడం. దీనివలన రెండు రాత్రుల బస అద్దె మిగులుతుందని నిర్వాహకులు ఘనంగా చెప్పుకొంటారు. ఆ మిగులు ఎంతో లెక్క చూద్దాము. 45 మంది విద్యార్థులు, ముగ్గురు అధ్యాపకులు, ఇద్దరు డ్రైవర్లు, కళాశాల సొంత బస్సు అనుకొందాము. పడకకు 300 చొప్పున 50 పడకలకు రెండు రాత్రులకు 30,000. రెండవ డ్రైవరుకు రోజుకు 1,500 చొప్పున ఐదు రోజులకు 7,500. మొత్తం 37,500ను 45 మందికి పంచితే తలకు 833 రూపాయలు. మనం బేరమాడుతున్నది ఈ మొత్తం గురించే. రానుపోను, స్థలాలు తిరగడం కలిపి 1,360 కిలోమీటర్లు, లీటరుకు నాలుగు కిలోమీటర్లు, లీటరు వంద రూపాయలు అనుకొన్నా డీజిలుకే తలకు 755 పడుతుంది. అందులో పైసా తగ్గించలేక, ఒక మనిషి నిద్రను తగ్గిస్తున్నాము.

2021 ఫిబ్రవరి 14న తెల్లవారుజామున మన జిల్లా వెల్దుర్తి మండలంలోనే, మదనపల్లె నుండి అజ్మీరు దర్గాకు పోతున్న వాహనం లారీని ఢీకొని 14 మంది చనిపోయిన సంగతి పాఠకులు మరచి ఉండరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు పరిమితం చేసింది. దూరప్రయాణాలలో అనుమతితో 10 గంటలు. ఊటీకి ఏకబిగిన పోతే పద్నాలుగు గంటలకు తక్కువ కాదు. చిత్రమేమంటే, బండీపురం అడవిలో 2009 నుండి రాత్రి 9 మొదలు ఉదయం 6 వరకు వాహనాల రాకపోకలు నిషిద్ధం. ఏనుగులకూ జింకలకూ దొరికిన ఈ రక్షణ మన డ్రైవరుకు ఇంకా దొరకలేదు!

పగటి ప్రయాణంలో మరొక లాభం కలదు. మా దృష్టిలో ఇదే పెద్దది. ఆడపిల్లలను యాత్రకు పంపని తల్లిదండ్రులు ఎక్కువగా అభ్యంతరం చెప్పేది ఊటీకి కాదు, రాత్రి బస్సుకు. చీకటి పడకముందే బసకు చేరుతామని, ఏ ఊరిలో ఎక్కడ దిగుతామో వ్రాసి ఇస్తే, ఎన్ని ఇళ్లలో "వద్దు" అన్న మాట "చూద్దాంలే" అవుతుందో నిర్వాహకులు ప్రయత్నించి చూడవలెను.

మొదటి దినం ఫజర్ నమాజు కాగానే బయలుదేరి, డ్రైవర్లు వంతులు మార్చుకొంటూ పోతే మునిమాపుకు శ్రీరంగపట్నం చేరవచ్చును. ఆ పూటకు జొన్నరొట్టెలు, చట్నీల పొడి ఇంటి నుండే. రాత్రి బస్సులో కళ్లు మూసుకొని దాటిపోయే ఈ ఊరే చరిత్ర విద్యార్థికి యాత్రలో సగం. తన తండ్రి హైదరలీ కొరకు టిప్పు సుల్తాను కట్టించిన గుంబజు, తోటలోని దరియా దౌలత్, 1799 మే 4న ఆయన నేలకొరిగిన కోట అక్కడ ఉన్నాయి. ఆ పతనం తరువాతనే నీలగిరులు కంపెనీ చేతికి పోయాయి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ కొండెక్కి ఊటీలో ఇల్లు కట్టుకొన్నది ఆ పిమ్మటి కథ. ఈ వరుసలో చూసినవానికి ఊటీ కేవలం సినిమా పాటల ఊరుగా కనిపించదు.

రెండవ దినం గూడలూరు దారినే పోవలెను. మసినగుడి మీది దారి దగ్గరే గాని, 36 వంకర మలుపుల ఆ నిటారు ఘాటు బస్సుకు తగదు. ఊటీలో ఖరీదైన వినోదాల జోలికి పోనక్కరలేదు. కూనూరు వరకు కొండరైలులో రెండవ తరగతి చాలు. 1908లో ఊటీ చేరిన ఆ మార్గాన్ని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. టిక్కెట్లు ముందుగానే తీసికొనవలెను. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సీసాలు నీలగిరులలో నిషిద్ధం. ఎవరి స్టీలు సీసా వారు తెచ్చుకొంటే నీళ్ల ఖర్చూ తప్పుతుంది. మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో 2024 మేలో వచ్చిన ఈ-పాస్ నిబంధన అప్పటికి ఎట్లున్నదో బయలుదేరే ముందు విచారించవలెను.

భోజనం, పర్మిట్లు కలిపి తలకు 4,500 అనుకొన్నా, ఆగస్టు నుండి జనవరి దాకా ఆరు వాయిదాలలో నెలకు 750 అవుతుంది. జమాఖర్చులు ప్రతి నెలా నోటీసు బోర్డుపై పెట్టవలెను. ఉచితపు సీట్ల జాబితా మాత్రం చదవవద్దు. దాతలెవరైనా ఇస్తే అందరి వాయిదా నుండి సమానంగా తగ్గించవచ్చును. బసకు ఉత్తరం వ్రాసేటప్పుడు 48 అని కాక 50 పడకలని వ్రాయవలెను. డ్రైవర్లు బస్సులోనే పడుకొంటారులే అని ఎవరైనా అంటే, జనవరిలో ఊటీ రాత్రి చలి ఎంతో మొదట వారిని కనుక్కోమనండి.