ఒక్క గాజు పోగులో తొంభయ్యారు దారులు - సరిహద్దు పల్లెకు చేరేదెన్ని?

దేశంలోని గ్రామ పంచాయతీలన్నింటికీ ఆప్టికల్ ఫైబర్ తీగను చేర్చాలన్న సంకల్పం నేటిది కాదు. జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరిట 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకమే అనంతర కాలంలో భారత్‌నెట్‌గా పేరు మార్చుకున్నది. 2017 డిసెంబరులో లక్ష పంచాయతీలతో తొలి దశ ముగిసినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆపై 2023 ఆగస్టులో దాదాపు 1.39 లక్షల కోట్ల రూపాయల వ్యయంతో సవరించిన కార్యక్రమానికి ఆమోదముద్ర పడింది. మరొకవైపు, విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ తీగలు ఒడ్డుకు చేరే కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రకటించింది.

ఖండాలను కలిపే తీగలోనూ, పంచాయతీ కార్యాలయపు గోడకు చేరే తీగలోనూ ఉండేది వెంట్రుకను పోలిన గాజు పోగే. అయినప్పటికీ మొదటిదానిలో సమాచారం వరదగా పారుతుండగా, రెండవది అనేక పల్లెలలో ఎండిన పిల్లకాలువను తలపిస్తున్నది. లోపం పోగుదా, పోగును ఏలే వ్యవస్థదా అన్నది విచారించవలసిన ప్రశ్న.

గాజులో వెలుగు బాటలు

గాజులోని మలినాలను తొలగించగలిగితే కాంతి ద్వారా సుదూరాలకు సమాచారం పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఈ కృషికి గాను కావో 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఫైబర్ ఆప్టిక్స్ అన్న పేరునే వాడుకలోకి తెచ్చిన నరీందర్ సింగ్ కపానీ పంజాబులోని మోగాలో జన్మించినవారు. 2020లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

తొలినాళ్లలో ఒక పోగులో ఒకే కాంతి ప్రవాహం సాగేది. సామర్థ్యం చాలకపోతే మరొక పోగును వాడుకోవడమో, మరొక తీగను పరచడమో తప్పనిసరి అయ్యేది. ఈ పరిస్థితిని మార్చినదే తరంగదైర్ఘ్య బహుళీకరణం. సాంకేతిక నిపుణులు దీనిని డీడబ్ల్యూడీఎం అని వ్యవహరిస్తారు. రేడియో ఎరిగినవారికి ఇది సులభగ్రాహ్యమే. కడప కేంద్రం, విజయవాడ కేంద్రం ఒకే ఆకాశంలో ఒకే సమయంలో ప్రసారం చేసినా ఒకదానిలో మరొకటి కలిసిపోదు. ముల్లు తిప్పిన చోట ఆ కేంద్రమే పలుకుతుంది. అదే విధంగా ఒక్కొక్క లేజరును స్వల్ప భేదంతో వేర్వేరు తరంగదైర్ఘ్యాలకు నిర్ణయించి, అన్నింటినీ ఒకే పోగులోనికి పంపి, అవతలి కొసన మళ్లీ విడదీస్తారు. వీటిని రంగులని చెప్పుకోవడం వాడుకే గాని, ఈ కాంతి కంటికి కనబడదు. అది పరారుణ కాంతి.

గాజులో కాంతి నష్టం అతి తక్కువగా ఉండేది 1,550 నానోమీటర్ల ప్రాంతంలో. అక్కడ కిలోమీటరుకు నష్టం సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే. 1,530 నుంచి 1,565 నానోమీటర్ల మధ్యనున్న ఆ పట్టీలో 0.4 నానోమీటరు ఎడంతో దాదాపు 96 దారులను అమర్చవచ్చు. ఒక్కొక్క దారిలో సెకనుకు 100 గిగాబిట్లు పంపినా, ఒక్క పోగు 9,600 గిగాబిట్లను మోస్తుంది.

ఇది ఆచరణ సాధ్యం కావడానికి ఎర్బియం అనే మూలకం కారణం. అంతకు పూర్వం నీరసించిన కాంతిని మార్గమధ్యంలో విద్యుత్తుగా మార్చి, మళ్లీ కాంతిగా పంపవలసి వచ్చేది. దారికొక యంత్రం కావలసి వచ్చేది. 1987లో రూపుదిద్దుకున్న ఎర్బియం వర్ధకం కాంతిని కాంతిగానే బలపరుస్తుంది, అదీ దారులన్నింటినీ ఒక్కసారిగా. దాదాపు 80 కిలోమీటర్లకొకటి చొప్పున ఈ వర్ధకాలు ఉంటే చాలును. 1990ల మధ్యకాలం తరువాత ఈ విధానం ప్రపంచమంతటా విస్తరించింది.

కొరత ఎక్కడ?

దీని నుంచి ఒక ముఖ్యమైన సత్యం బోధపడుతుంది. నేలలో పాతిన పోగు మారకుండానే, రెండు కొసలనున్న పెట్టెలను మార్చి సామర్థ్యాన్ని అనేక రెట్లు పెంచవచ్చు. ఫైబర్ పథకాలలో అధిక వ్యయం గోతుల తవ్వకానిదే గాని గాజుది కాదు. కనుక తీగ పాతది, అందువల్లనే వేగం లేదు అన్న సమాధానం చాలా సందర్భాలలో నిలువదు.

పంచాయతీకి చేరే తీగలోనూ ఈ సూత్రమే చిన్నరూపంలో పనిచేస్తున్నది. భారత్‌నెట్ తొలి దశలో వినియోగించిన జీపాన్ పద్ధతిలో ఒకే పోగుపై 1,490 నానోమీటర్ల కాంతి పల్లెకు వస్తుంది, 1,310 నానోమీటర్ల కాంతి పల్లె నుంచి వెళుతుంది. రాకపోకలకు వేర్వేరు పోగులు అక్కరలేదు. అంటే పల్లెకు చేరిన పోగులో దారులకు కొరత లేదు. కొరత ఉన్నది పెట్టెకు విద్యుత్తు అందించడంలో, తెగిన తీగను అతికించడంలో, బాధ్యత వహించే మనిషిని నియమించడంలో.

ఈ విద్యకు మరొక ముఖం కూడా ఉన్నది. దారులన్నీ ఒకే పోగులో ఉన్నప్పుడు ఒక్క జేసీబీ పంటి గాటుకు అన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో తీగలు తెగినప్పుడు భారతదేశంతో సహా పలు దేశాలలో ఇంటర్నెట్ మందగించింది. అయినా పూర్తిగా స్తంభించకపోవడానికి ప్రత్యామ్నాయ మార్గాలుండడమే కారణం. పల్లెకు అటువంటి రెండవ మార్గం లేదు. తొలి దశ తీగలు చాలావరకు బ్లాకు కేంద్రం నుంచి కొమ్మలుగా సాగినవే. కొమ్మ విరిగితే ఆవలి ఆకులన్నీ ఎండవలసిందే. 2023 నాటి సవరణలో పంచాయతీలను వలయాకారంలో కలపాలనీ, విద్యుత్తు పోయినా నడిచే ఏర్పాటు ఉండాలనీ, 10 సంవత్సరాల నిర్వహణ బాధ్యత నిర్మించినవారిదేననీ చేర్చడం ఈ లోపాన్ని అంగీకరించడమే.

సరిహద్దు మెలిక

భారత్‌నెట్ రెండవ దశలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర వంటి రాష్ట్రాలు నిర్మాణాన్ని స్వయంగా చేపట్టాయి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ స్తంభాల మీదుగా తీగలు లాగగా, తెలంగాణ మిషన్ భగీరథ గొట్టాల గోతులను ఉపయోగించుకున్నది. ఎవరి మార్గం వారిది. కాని ఈ తీగ బ్లాకు, జిల్లా, రాష్ట్రం అన్న పాలనా క్రమాన్ని అనుసరించి నడుస్తుంది. సరిహద్దు పల్లె ఆ కొమ్మకు చిట్టచివరి కొసన ఉంటుంది. పొలం గట్టుకు అవతల పొరుగు రాష్ట్రపు తీగ సజీవంగా ఉన్నా, ఇవతల తెగిన తీగకు అది ఆసరా కాదు. వలయాలు కూడా ఆయా బ్లాకుల పరిధిలోనే ముగిస్తే, సరిహద్దు కొసలు బలహీనంగానే మిగిలిపోతాయి. పొరుగు రాష్ట్రాల పోగులను గట్ల వద్ద అనుసంధానించడం సాంకేతికంగా దుస్సాధ్యం కాదు. కావలసినది పరిపాలనాపరమైన ఒప్పందం.

దీనివల్ల సరిహద్దు కుటుంబాలకు కలిగే నష్టం చిన్నది కాదు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో పాఠశాలలలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయిన తరువాత, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు చదువుకు అండ తగ్గిందన్న ఆవేదన ఉన్నది. రాయగడ, బళ్లారి, సిరొంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలకూ తెలుగు పుస్తకం దూరపు వస్తువే. 2017లో ఆరంభమైన దీక్ష వేదిక వంటివాటి ద్వారా పొరుగు రాష్ట్రపు పాఠం ఇంటికి రాగల అవకాశం ఈ గాజు పోగుతోనే ముడిపడి ఉన్నది. ఒక రాష్ట్రంలో భూమి, మరొక రాష్ట్రంలో బంధుత్వం, చదువు ఉన్న కుటుంబాలకు పత్రాల కోసం చేసే ప్రయాణాలు తగ్గాలన్నా దీనిపైనే ఆధారపడాలి.

గ్రామసభ అడగవలసినవి

పెట్టె పెట్టారా అన్న ప్రశ్నతో గ్రామసభ తృప్తి పడరాదు. పెట్టె వెలుగుతున్నదా, విద్యుత్తు పోతే ఎంతసేపు నిలుస్తుంది, పంచాయతీ వలయంలో చేరిందా, తీగ తెగితే ఎవరిని పిలవాలి అన్నవి లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. తెగిన చోటును వెదకడం గంటల పని కాదు. కాంతి స్పందనను పంపి, అది ప్రతిఫలించి తిరిగివచ్చే కాలాన్నిబట్టి దూరాన్ని పరికరమే చెబుతుంది. కనుక రోజుల తరబడి జాప్యానికి సాంకేతిక కారణం సాకు మాత్రమే. అదే సమయంలో పల్లెలకూ బాధ్యత ఉన్నది. గోతి తవ్వే ముందు తీగల యజమానులకు తెలియజేయడానికి 2023 మార్చిలో కేంద్రం కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్‌ను ప్రవేశపెట్టింది. గొట్టాలకో రహదారికో తవ్వించే పంచాయతీలు దానిని విస్మరించరాదు.

ఒక్క పోగులో తొంభయ్యారు దారులను పరచగలిగిన విజ్ఞానానికి పల్లెలో ఒక్క దారిని సజీవంగా నిలపడం అసాధ్యం కాదు. కాంతికి రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. ఆ కాంతిని నడిపించే కార్యాలయాలు సరిహద్దు దగ్గర ఆగిపోకుండా చూడడమే ఇప్పుడు ప్రజాప్రతినిధుల ముందున్న కర్తవ్యం.