ఊరి పార్కుల అందరి పిల్లలకు జాగ ఉన్నదా?

2019ల పల్లె ప్రగతి మొదలైనంక తెలంగాణ ఊర్లల్ల ప్రకృతి వనాలు వచ్చినయ్. 2022ల క్రీడా ప్రాంగణాలు వచ్చినయ్. కొన్ని పచ్చగున్నయ్, కొన్నిట్ల బోర్డు ఒక్కటే మిగిలింది. ఆ ముచ్చట మస్తు మంది రాసిండ్రు. ఎవ్వలు అడగని ప్రశ్న ఇంకోటి ఉన్నది. నడవరాని పిల్ల, కండ్లు కనవడని పిలగాడు, ఆటిజం ఉన్న పిలగాడు ఆ జాగలకు పోయి ఆడుకోగలరా?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంల 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నరు. అండ్ల నూటికి 69 మంది ఉండేది పల్లెలల్లనే. కానీ అందరు పిల్లలు కలిసి ఆడుకునే పార్కు అనంగనే మనకు యాదికొచ్చేది పట్నమే. మంది ఒకకాడ, సౌలతు ఇంకోకాడ. అసలు తకరారు ఇదే.

ఇంతకు సెన్సరీ పార్కు అంటే ఏంది? చూపు, చెవి, ముక్కు, చెయ్యి, ఒంటి తూకం, వీటన్నిటికి పని చెప్పే ఆట జాగ. కాళ్లకింద ఒకకాడ ఇసుక, ఒకకాడ గడ్డి, ఒకకాడ నున్నటి రాయి ఉంటది. కొడితే మోగే గొట్టాలు ఉంటయ్. వాసన చూసే మొక్కలు ఉంటయ్. ఆటిజం ఉన్న పిల్లలల్ల కొందరికి ఊయల ఎంత ఊగినా తనివి తీరదు. ఇంకొందరు చిన్న సప్పుడుకే చెవులు మూసుకుంటరు. అందుకే మంచి పార్కుల ఊగే జాగ ఉంటది, ఎవ్వల లొల్లి లేకుండ కూసునే మూల కూడా ఉంటది. ఆ మూల లేకుంటే పిల్ల ఏడుస్తది, తల్లి ఎత్తుకొని ఇంటికి పోతది, మళ్లొకసారి తీస్కరాదు.

బెంగళూరుల వికలాంగ పిల్లల తల్లిదండ్రులు కిలికిలి అనే సంస్థ పెట్టుకున్నరు. నగరపాలికతోని కలిసి కోల్స్ పార్కుల అందరు పిల్లలు ఆడే జాగ చేయించిండ్రు. అమెరికాల, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోల గార్డన్ హార్ట్‌మన్ అనే ఆయన 2010ల మోర్గన్స్ వండర్‌ల్యాండ్ తెరిచిండు. ఆయన బిడ్డ వేరే పిల్లలతోని ఆడుకుందామని పోతే వాళ్లు పక్కకు జరిగిండ్రట. ఆ బాధల నుంచే ఆ పార్కు పుట్టింది. అండ్ల వికలాంగులకు టికెట్ లేదు. రెండుకాడలా మొదలువెట్టింది కన్నోళ్లే. సర్కారు తనంతట తాను కదలలేదు.

మరి చట్టం లేదా అంటే, ఉన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29, 30 సెక్షన్లు వినోదంల, ఆటలల్ల వికలాంగులకు సమాన జాగ ఇయ్యాలని చెప్తున్నయ్. ఇప్పటికే కట్టిన ప్రజా భవనాలను రూల్స్ వచ్చిన ఐదేండ్లల్ల అందరికి అందేటట్టు మార్చాలని 45వ సెక్షన్ చెప్తది. రూల్స్ వచ్చింది 2017ల. అంటే గడువు 2022లనే అయిపోయింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసుల సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. 15వ రూల్ సలహా లెక్క రాసుకున్నరు, అది చట్టానికే విరుద్ధం అన్నది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలలల్ల పెట్టుమని కేంద్రానికి చెప్పింది. ఈ కేసుల కోర్టు ముందుకొచ్చిన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని కేంద్రమే. హైదరాబాద్‌ల రాసిన కాగితం ఢిల్లీల తీర్పుకు పనికొచ్చింది. మన ఊరి గేటుదాక మాత్రం ఇంకా రాలేదు.

"ఊరికి ఇద్దరు ముగ్గురు పిల్లలుంటరు, వాళ్ల కోసం పార్కంత మారుస్తమా?" అని అడిగేటోళ్లు ఉంటరు. వాళ్లకు జవాబు ర్యాంపే. ఫీటు ఎత్తుకు పన్నెండు ఫీట్ల పొడుగు వాలు పోస్తే వీల్‌చైర్ ఎక్కుతది. దాని మీదికెల్లే మోకాళ్ల నొప్పుల అవ్వ పోతది, సంకల పిల్ల ఉన్న తల్లి పోతది. ఇంకో మాట. ఈ పిల్లలు కనవడరు కాబట్టి తక్కువున్నరు అనుకుంటున్నం. బయటికొచ్చే తొవ్వ లేక కనవడుతలేరేమో అని ఎవ్వలన్న ఆలోచించిండ్రా? పింఛన్ ఇస్తున్నంగద అంటే, పింఛన్ కడుపుకు. పిల్లలకు దోస్తులు కూడా కావాలె. దోస్తానా పుట్టేది ఆటలనే. చిన్నప్పుడు కలిసి ఆడినోళ్లు పెద్దయినంక ఎక్కిరియ్యరు.

ఖర్చు కూడా భయపడేటంత ఏం లేదు. మన పల్లెల్ల ఇసుక కుప్ప, చింతగింజలు, చెట్టుకు ఊయల, మట్టి బొమ్మలు అన్నీ సెన్సరీ ఆటలే. వాటికి ఆ పేరు పెట్టుకోలేదు, అంతే. వీల్‌చైర్‌ల కూసున్న పిల్లకు అందే ఎత్తుల ఇసుక తొట్టి, వీపుకు ఆసరా ఉన్న ఊయల, తులసి, పుదీన, నిమ్మగడ్డి మడి, కంకర తీసేసి గట్టి చేసిన బాట, చుట్టు కంచె, ఒక్కటే గేటు. ఉరికే అలవాటున్న పిల్లల తల్లికి ఆ కంచె అంటే సగం భయం పోయినట్టే.

మీరు మీ తమ్మునో, అక్క బిడ్డనో తీస్కొని ఊరి పార్కుకు పోయినప్పుడు నాలుగు సంగతులు చూడుండ్రి. గేటుకాడ మెట్లున్నయా? చక్రం తిరిగే బాట ఉన్నదా? నీడ, నీళ్లు, అందరికి పనికొచ్చే మరుగుదొడ్డి ఉన్నయా? సప్పుడు లేని మూల ఉన్నదా? లేనివాటిని ఫోన్ల ఫోటో తీయుండ్రి, కాగితం మీద రాయుండ్రి. మండల కేంద్రంల భవిత సెంటర్ టీచర్లను అడిగితే ఏ పిల్లకు ఏం కావాలెనో చెప్తరు. ఆ పిల్లల తల్లులను కూడా అడుగుండ్రి, వాళ్లకంటే ఎక్కువ తెలిసినోళ్లు లేరు. అవన్నీ పట్టుకొని గ్రామసభల లేచి నిలవడుండ్రి. తీర్మానం రాసేదాక కూసోవద్దు. స్టేటస్ పెడితే లైకులొస్తయ్, తీర్మానం రాస్తేనే ర్యాంపు వస్తది.