బండి చేతికొచ్చింది... లైసెన్సు ఏదీ?

జరిమానా కంటే బీమా నష్టమే పెద్దది
మన్యంలో కొత్త చోదకులకు తెలియని నిబంధనలు

అరకులోయ: వారపు సంత రోజున అరకు మన్యంలో ఏ కూడలి వద్ద నిలబడినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఒక మోటారు సైకిలుపై ముగ్గురు, ట్యాంకు మీద బియ్యం మూట, హ్యాండిల్‌కు వేలాడే సంచులు. హెల్మెట్ ఉన్నా తలపై కాక అద్దానికి తగిలించి ఉంటుంది. బస్సు రాని పల్లెలకు ద్విచక్ర వాహనమే దిక్కు. మిరియాలు, రాజ్‌మా సంతకు చేరాలన్నా, జ్వరపడిన బిడ్డ ఆసుపత్రికి చేరాలన్నా అదే ఆధారం. డోలీ మోతల కష్టం ఎరిగిన గిరిజన కుటుంబానికి బండి విలాసం కాదు, అవసరం. అయితే వాయిదాలపై కొన్న బండి ఇంటికి చేరినంత సులువుగా లైసెన్సు చేరడం లేదు. పోలీసులు ఆపితే జరిమానా కట్టి బయటపడవచ్చన్నది చాలామంది ధీమా. అసలు నష్టం జరిమానాతో ముగియదన్న సంగతి ప్రమాదం జరిగాక గానీ తెలియడం లేదు.

చట్టం ఏం చెబుతోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్ల బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లవారికి అనుమతి ఉన్నది 50 సీసీ లోపు గేర్లు లేని బండ్లకే. మన్యంలో తిరిగే 100 సీసీ, ఆపై బండ్లకు ఆ వెసులుబాటు వర్తించదు. ముందుగా తీసుకునే ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. నెల గడిచిన తరువాత పక్కా లైసెన్సు పరీక్షకు హాజరుకావచ్చు. ఈలోగా బండికి ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. సొంత బండి నడపడానికి చదువుతో నిమిత్తం లేదు. వయసు, చిరునామా రుజువులు, రహదారి గుర్తులపై అవగాహన ఉంటే చాలు.

2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలు శిక్షలను కఠినతరం చేశాయి. లైసెన్సు లేకుండా నడిపితే 5 వేల రూపాయలు, బీమా లేకుంటే తొలిసారి 2 వేల రూపాయల వరకు జరిమానా పడుతుంది. హెల్మెట్ లేకున్నా, ముగ్గురు ప్రయాణించినా వెయ్యి రూపాయలతోపాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత వేటుకు అవకాశం ఉంది. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులు లేదా వాహన యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. ఆ మైనరుకు 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. పదో తరగతి కుమారునికి మురిపెంగా తాళం చేతికిచ్చే తండ్రులు ఈ ఒక్క నిబంధనైనా తెలుసుకోవాలి.

కుటుంబంపైనే భారం

లైసెన్సు లేని చోదకుని వల్ల బాటసారి మృతి చెందితే పరిహారం ఎవరు చెల్లించాలి? బీమా సంస్థ ముందుగా బాధితులకు చెల్లించి, ఆ సొమ్మును వాహన యజమాని నుంచి రాబట్టుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. యజమానే లైసెన్సు లేకుండా నడిపినా, లేదని తెలిసీ ఇతరులకు బండి ఇచ్చినా ఈ భారం తప్పదు. చోదకుడే మరణిస్తే పరిస్థితి మరింత దయనీయం. థర్డ్ పార్టీ బీమా అతనికి వర్తించదు. యజమాని పేరిట తీసుకునే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాకు చెల్లుబాటయ్యే లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేని కారణంగా ఇంటి పెద్దనూ, ఆ సొమ్మునూ రెండింటినీ కుటుంబం కోల్పోతుంది.

పాత బండ్ల విషయంలో మరో చిక్కు ఉంది. కొత్త బండ్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమాను 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి చేశారు. ఆ గడువు తీరాక పొడిగించుకోవాలన్న ధ్యాస చేతులు మారిన బండ్ల విషయంలో ఉండదు. పేరు మార్పిడి జరగకపోతే, రికార్డుల్లో పేరున్న పాత యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్మినవారికైనా, కొన్నవారికైనా తెల్లకాగితంపై రాసుకున్న ఒప్పందం రక్షణ కాదు.

తలకు కవచం... బండికి భద్రత

కేంద్ర రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. హెల్మెట్ ధరించకుండా మరణించినవారు 50,029 మంది. హెల్మెట్ మరణ ముప్పును సుమారు 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని అంతర్జాతీయ అధ్యయనాల సమీక్షలు తేల్చాయి. వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకం చట్టవిరుద్ధం. గడ్డం కింద పట్టీ బిగించకపోతే ధరించినట్లు కాదని చట్టమే చెబుతోంది. 9 నెలల నుంచి నాలుగేళ్లలోపు పిల్లలకూ హెల్మెట్ ఉండాలని, పిల్లలతో వెళ్లేటప్పుడు వేగం 40 కిలోమీటర్లు మించరాదని 2022లో నిబంధన తెచ్చారు. చీరలు, చున్నీలు చక్రంలో చిక్కకుండా వెనుక ఉండే రక్షణ కవచాన్ని అందం పేరిట ఊడదీయడమూ నిబంధనలకు విరుద్ధమే.

ఘాట్‌లో ఈ జాగ్రత్తలు మరింత అవసరం. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి మండలం డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మృతి చెందారు. పెద్ద వాహనాలకే ప్రమాదకరమైన మలుపుల్లో పెట్రోలు ఆదా కోసం ఇంజిను ఆపి బండిని దిగువకు వదిలేయడం ప్రాణాంతకం. ఇంజిను పట్టు లేకపోతే భారమంతా బ్రేకులపైనే పడుతుంది. ఇరుకు ఘాట్‌లో ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలన్నది 2017 డ్రైవింగ్ నిబంధన. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోనే పడుతుంది కనుక లోబీమ్‌తోనే నెమ్మదిగా నడపాలి.

కొండపైకే రావాలి

హెల్మెట్ నిబంధన సరిగా అమలు కావడం లేదని 2024లో రాష్ట్ర హైకోర్టు అసంతృప్తి వ్యక్తం చేసింది. తనిఖీలు పెంచడం అవసరమే. అయితే జరిమానా రసీదు ఒక్కటే కొండకు చేరి, లైసెన్సు మాత్రం దూరంగా ఉండిపోతే ఫలితం ఉండదు. ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకోవాలంటే సెల్ సిగ్నల్ లేని పల్లెలెన్నో. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే యువతకు పరీక్ష ప్రశ్నలు అర్థం కావడమూ కష్టమే. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాలన చేరువైంది. అదే స్ఫూర్తితో రవాణా శాఖ, పోలీసులు, ఐటీడీఏ కలిసి సంతల్లో, కళాశాలల్లో ఎల్ఎల్ఆర్ శిబిరాలు క్రమం తప్పక నిర్వహించాలి. బండి అమ్మే దుకాణంలోనే ఐఎస్ఐ హెల్మెట్, బీమా, లైసెన్సు గురించి విడమరచి చెప్పించాలి. అప్పు చేసి కొన్న బండి ఇంటిని నిలబెట్టాలే తప్ప వీధిన పడేయకూడదు.