తోటలో నిప్పుల కోడి

కార్తీక వనభోజనాల్లో పులిహోర, పనసపొట్టు కూర, ఉసిరి చెట్టు నీడ. ఆ ముచ్చట వేరు. సంక్రాంతికి పిల్లలంతా ఊరొచ్చాక, ముక్కనుమ నాడు తోటకి కోడి పట్టుకెళ్ళే ముచ్చట వేరు. అదీ ముక్కలు కొట్టించకుండా, సినిమాల్లోలాగా చువ్వకి గుచ్చి మొత్తంగా కాల్చాలని ఇప్పటి పిల్లల సరదా. కాల్చుకుందాం, తప్పేముంది? కాకపోతే కూరకి లేని చిక్కొకటి దీనికుంది. పైన తోలు నల్లబడిపోతుంది, లోపల తొడ ఎముక పక్కన మాంసం పచ్చిగానే ఉంటుంది.

"అరకులో, మారేడుమిల్లిలో బొంగులో చికెన్ చెయ్యటం లేదా, దీనికింత ఆలోచనేమిటి?" అంటారు మీ ఇంట్లోవాళ్ళు. బొంగులో కూరేది చిన్న ముక్కలండీ. పచ్చి వెదురు తడికి ఆవిరి పట్టి అన్నీ సమంగా ఉడుకుతాయి. మొత్తం కోడికి ఆ వీలు లేదు.

నాటుకోడి రుచి దేనికీ రాదు, నిజమే. కానీ ముదురుదైతే నిప్పుల మీద రబ్బరులా సాగుతుంది. దాన్ని పులుసుకి ఉంచేసి, కిలో, కిలోంబావు ఉండే ఫారం కోడి తెప్పించండి. తోలు తియ్యొద్దని కొట్టువాడికి ముందే చెప్పాలి, లేకపోతే మాట్లాడుతూనే ఒలిచేస్తాడు. తోలుంటేనే రొమ్ము మాంసం ఎండిపోదు. ఇంటికి తెచ్చాక పంపు కింద పెట్టి కడక్కండి. ఆ చిందులతో క్రిములు పక్కనున్న గిన్నెలకి కూడా అంటుకుంటాయి. కాగితంతో తడి అద్ది, ఆ కాగితం పారేస్తే సరి.

తొడల మీద, రొమ్ము మీద ఎముక తగిలేదాకా గాట్లు పెట్టండి. రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, రెండున్నర టీచెంచాల ఉప్పు, అంతే కారం, అర చెంచా పసుపు, ధనియాల పొడి, ఒక నిమ్మకాయ రసం, కాస్త నూనె కలిపి గాట్లలోకీ, పొట్టలోకీ పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తేనె, పంచదార మాత్రం వద్దు, ఇట్టే మాడతాయి. తోటకి ఐసు డబ్బాలోనే తీసుకెళ్ళండి, కారు డిక్కీలో సంచిలో పడెయ్యకండి.

ఇక మంట. ఇది మగవాళ్ళ హడావుడి. కొబ్బరి మట్టలు వేసి తాడెత్తు మంట లేపి, "తేవమ్మా కోడి!" అంటారు. ఇవ్వకండి. తుమ్మ, చింత, సరుగుడు కట్టెలు ముప్పావుగంటైనా కాలి, బూడిద కప్పిన ఎర్రటి నిప్పులవ్వాలి. రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్డు ముక్కలు పొయ్యిలోకి రానివ్వద్దు. గుచ్చడానికి ఇనప ఊచే వాడండి. గట్టు మీద తిన్నగా కనిపించిందని గన్నేరు కొమ్మ విరుస్తారేమో, జాగ్రత్త సుమా! గన్నేరు చెట్టంతా విషమే, దాని పొగ కూడా మంచిది కాదు.

నిప్పుల్ని రెండు పక్కలకి జరిపి, మధ్య ఖాళీకి జానెడున్నర ఎత్తున రెండు పంగల కర్రల మీద ఊచ ఆనించండి. అప్పుడు కారే కొవ్వు నిప్పుల మీద పడి మంట లేవదు. కాళ్ళూ రెక్కలూ సన్నటి ఇనప తీగతో ఒంటికి కట్టెయ్యండి, వేలాడితే అవే ముందు మాడేది. అయిదేసి నిమిషాలకోసారి తిప్పుతూ, నిప్పులు చల్లారుతుంటే పక్కనుంచి కొత్తవి చేరుస్తూ ఉంటే గంటంబావు, గంటన్నర పడుతుంది. ఈలోగా పిల్లలు ఆకలని గోల పెడితే తలో అరటిపండు చేతిలో పెట్టండి.

"అయిపోయింది" అని బావగారు ప్రకటించినా సరే, మీరు చూడకుండా పిల్లల విస్తట్లో వెయ్యకండి. తొడ మందంగా ఉన్నచోట చాకుతో ఎముకదాకా చీల్చి చూడండి. మాంసం గులాబీరంగు పోయి, ఎముకనుంచి తేలిగ్గా విడాలి. రంగొక్కటే నమ్మడానికి లేదు గనక వంట థర్మామీటరుంటే ఎముకకి తగలకుండా అక్కడే గుచ్చండి, 74 డిగ్రీల సెంటీగ్రేడు చూపించాలి. చాలకపోతే ముక్కలు చేసి, గిన్నెలో వేసి మూతపెట్టి అవే నిప్పుల మీద మగ్గించి, మళ్ళీ చూడండి. కోడి రూపం పోతుంది, పోనీండి. అన్నట్టు, పచ్చికోడి తెచ్చిన పళ్ళెంలోనే కాల్చింది పెట్టకండి. మిగిలింది రెండు గంటల్లోపు ఐసులోకి వెళ్ళాలి.

లేచేముందు నిప్పుల మీద రెండు బిందెల నీళ్ళు గుమ్మరించి, కర్రతో కెలికి, మళ్ళీ పొయ్యండి. సంక్రాంతి రోజుల్లో పక్క చేలలో గడ్డివాములుంటాయి కదా.