కొండదారికి పాత జిప్సీ

1985లో మన దేశమున వెలువడిన మారుతి జిప్సీని కొండదారులకై ఎత్తు పెంచవలెనని ఇంట మగవారు ముచ్చటపడుట కలదు. కమాను కట్టలు మార్చినచో బండి తొట్టి లేచును గాని ఇరుసు లేవదు. ఇరుసును లేపునది పెద్ద టైరే. అది ఇంజనుకు భారమగుటచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లనుగూడ మార్పింపవలసివచ్చును. ఎత్తు పెరిగినకొలది ప్రొపెల్లర్ షాఫ్టు వాలు హెచ్చి కీళ్లరుగును. బ్రేకు గొట్టములు చాలక బిగియును. మలుపులందు బోల్తా భయము పెరుగును. కావున అరిగిన బుష్షులు, షాక్ అబ్సార్బర్లు ముందుగ మార్పింపుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, తయారీదారు నిర్ణయమునకు విరుద్ధమగు మార్పుల నంగీకరింపదు. రవాణా కార్యాలయమున విచారింపక పని మొదలిడరాదు. ఆ బండి నెక్కువారు మన బిడ్డలే. సొమ్ము చెల్లించుటకు మున్ను “బ్రేకు గొట్టములు పొడిగించితిరా?” యని యడుగుట మన వంతు.