డోలి కొట్టే తాతకు కాలేజీలో పోస్టు ఎందుకు రాదు?

పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ చదివాక లైక్ కొట్టి వెళ్ళిపోకుండా మీ మాట కూడా రాయండి.

మన గ్రూపులో డీఎస్సీ గురించి రాస్తాం, గ్రూప్స్ గురించి రాస్తాం, కానిస్టేబుల్ కటాఫ్ గురించి రాత్రంతా కొట్టుకుంటాం. సంగీతం, నాట్యం నేర్పే ఉద్యోగాలు కూడా ఉన్నాయని మాత్రం ఎవరూ రాయరు. అవి మనవి కావని ముందే అనేసుకున్నాం. మన ఇళ్ళల్లో డోలి, తుడుం, కొమ్ము, కిన్నెర వేలాడుతూ ఉంటాయి, అయినా మ్యూజిక్ కాలేజీ అంటే వేరేవాళ్ళదే. ఇది ఎలా వచ్చింది?

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథ చెప్పేవాడు కాలేజీకి పెద్ద అయ్యాడన్నమాట. అదే ఏడాది వయొలిన్ నేర్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. చూపు సరిగా లేక బడి చదువు సాగలేదు. విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని నువ్వే నేర్పు అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల చదివింది ఆ కాలేజీలోనే. అంటే ఒకప్పుడు చేతిలో విద్య చూసి కుర్చీ ఇచ్చారు. సర్టిఫికెట్ తర్వాత మాట. రాజుగారి కాలాన్ని మేము పొగడటం లేదు, ఆ కుర్చీ దాకా మనవాళ్ళను అప్పుడూ రానివ్వలేదు. కానీ పద్ధతి మాత్రం అదీ.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. సకిని రామచంద్రయ్య గారు మణుగూరు మండలం కూనవరం. డోలి వాయిస్తూ కోయ వేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మ కథ కోయలోనూ తెలుగులోనూ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. మర్లవాయి కనకరాజు గారు గుస్సాడీ గురువు, ఆయనకు 2021లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే పోయారు, నాలుగు నెలల తేడాతో. పేపర్లో ఫొటోలు, సంతాపాలు, అయిపోయింది. రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ ఇవ్వొచ్చు గానీ, వర్సిటీలో పర్మనెంట్ పోస్టుకు ఆయన దరఖాస్తు కూడా పెట్టుకోలేరు. ఇదేం లెక్క?

లెక్క ఏంటంటే, యూజీసీ 2018 నిబంధనల్లో సంగీతం, నాట్యం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి రెండు దారులున్నాయి. ఒకటి పీజీ, నెట్ లేదా పీహెచ్‌డీ. రెండోది కళాకారుల కోసం: పేరున్న సంప్రదాయ గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి, ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో ఏ గ్రేడ్ ఉండాలి, పాఠం వివరించి చెప్పగలగాలి. వినడానికి బాగుంది. కానీ దాని మీద ఒక డిగ్రీ కూడా ఉండాలి. మన ఊళ్ళో కొమ్ము ఊదే తాత ఆకాశవాణి ఆడిషన్‌కి ఎప్పుడు వెళ్ళాడు, డిగ్రీ ఎక్కడ చదివాడు?

2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఇంకోటి తెచ్చారు. దీనికి డిగ్రీ తప్పనిసరి కాదు, 15 ఏళ్ళ అనుభవం చాలు. కానీ మూడేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు. ఆ తర్వాత ఇంటికే. పైగా పెట్టాలా వద్దా అన్నది వర్సిటీ ఇష్టం. కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళను వెతికి తెచ్చుకోవడం సులువే, పడిగె పట్టుకుని కథ చెప్పే పెద్దాయన కోసం ఏజెన్సీకి ఎవరు వస్తారు?

మనల్ని అసలు పిలవరని కాదు, పిలుస్తారు. మంత్రి గారు వస్తే థింసా కట్టించి ఎండలో నిలబెడతారు. మన మీద పరిశోధనలూ చేస్తారు. తెలుగు వర్సిటీకి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠమే ఉంది. ఆ పనిని మేము తక్కువ చేయడం లేదు, అలాంటి పరిశోధన వల్లనే కొన్ని కథలు కాగితం మీదకైనా వచ్చాయి. కానీ మన తాత సమాచారం ఇచ్చేవాడుగానే మిగిలాడు. రాసుకున్నవాళ్ళకు పీహెచ్‌డీ వచ్చింది.

హాస్టల్లో దీని మీద మాలో మాకే గొడవైంది. ఒక గోండు మిత్రుడు అడిగాడు: గుస్సాడీని క్లాసురూంలో ఎలా నేర్పుతారు? అది దండారీ రోజుల్లో దీక్షతో చేసేది, స్నానం కూడా చేయరు, నెమలి ఈకల టోపీ దేవుడితో సమానం. సెమిస్టర్ పరీక్షకి ఆ టోపీ పెట్టుకుంటారా? వాడి మాట నిజమే. ప్రధాన్, తోటి వాళ్ళు తరతరాలుగా కాపాడిన కథల్ని ఎవరు పడితే వాళ్ళు సిలబస్‌లో పెట్టేస్తే అది కూడా దోపిడీయే. మాకు తోచింది ఇది: దీక్ష ఊళ్ళోనే ఉండాలి. దరువులు, వాయిద్యం తయారీ, కథ చెప్పే తీరు కాలేజీకి రావచ్చు. ఏది రావచ్చో, ఏది రాకూడదో చెప్పాల్సింది ఆ పెద్దలే, డీన్ కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ రెండో దారి నిబంధన మళ్ళీ చదవండి. డిగ్రీ, సంప్రదాయ గురువు. తాత దగ్గర డిగ్రీ లేదు. మన దగ్గర రేపో మాపో ఉంటుంది, మా ఇళ్ళల్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటివాళ్ళం మేమే. గురువు మన ఇంట్లోనే ఉన్నాడు. కానీ మనకు దరువు రాదు! ఐదో తరగతిలోనే హాస్టల్‌కి వచ్చేశాం, పండక్కి వెళ్ళినా డీజే దగ్గర ఎగురుతున్నాం. తాత తరం పోయాక మనం డిగ్రీ పట్టుకుని ఎవరి దగ్గర నేర్చుకున్నామని రాస్తాం?

అడగాల్సినవి అడుగుదాం. విజయనగరంలో ఒకటి, ములుగులో ఒకటి, రెండు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు మన పేరు మీద వచ్చాయి. మొదట అక్కడైనా కళాకారులకు డిగ్రీతో పని లేకుండా పోస్టులు పెట్టమని, నాలుగేళ్ళకు పంపించేది కాకుండా జీతం, పింఛను ఉన్నవి పెట్టమని సంఘాల తరఫున వినతిపత్రం ఇద్దాం. ఆకాశవాణి ఆడిషన్‌కి పెద్దవాళ్ళను తీసుకెళ్ళే ఖర్చు ఐటీడీఏ పెట్టుకోవచ్చు, అదేం కోట్ల పని కాదు.

ఈ ఎండాకాలం సెలవుల్లో మేము కొంతమందిమి ఊళ్ళకి వెళ్ళి నేర్చుకోవాలని అనుకున్నాం. ఫోన్లో వీడియో తీయడం కాదు, కూర్చుని నేర్చుకోవడం. మీ ఊళ్ళో డోలి, కొమ్ము, తుడుం, కిక్రి వాయించేవాళ్ళు ఎంతమంది మిగిలారో కింద రాయండి. ఊరు, వాయిద్యం రాస్తే చాలు. వాళ్ళని అడగకుండా పేరు, ఫోన్ నంబరు పెట్టొద్దు.